ఒకే గూట్లో లక్ష ఉత్తరాలు

మా నాన్నగారు ఆర్.ఎమ్.ఎస్.లో సార్టరుగా పనిచేశారు. ఈ మూడక్షరాల అర్థం ఈ కాలంవారికి చప్పున తట్టకపోవచ్చును. రైల్వే మెయిల్ సర్వీసు అన్నమాట. రాత్రి బండికి తపాలా కోసమని ప్రత్యేకంగా ఒక పెట్టె ఉండేది. లోపల గోడ పొడుగునా వరుసలు వరుసలుగా చెక్క గూళ్ళు. సార్టరు వాటి ఎదుట నిలబడి, బండి ఊగుతుంటే తానూ ఊగుతూ, ఎడమచేతిలోని కట్టలోంచి ఒక్కొక్క ఉత్తరమే తీసి, చిరునామా వంక అర చూపు చూసి, దాని గూట్లోకి విసిరేసేవాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు రాజమండ్రి స్టేషనులో ప్లాట్‌ఫారం మీద నిలబడి, తలుపు సందులోంచి ఈ దృశ్యం చూశాను. పేకముక్కలు పంచేవాడికి కూడా అంత చేతివేగం ఉండదని అప్పుడు నా గట్టి నమ్మకం.

"ఇన్ని ఊళ్ళూ ఎలా గుర్తుంటాయి నాన్నా?" అని ఇంటికి వచ్చాక అడిగాను.

"ఊరి పేరు చదవక్కర్లేదురా అబ్బాయ్. పిన్‌కోడు చూస్తే చాలు. అయితే ఆరంకెల్లో ఏ అంకె చూడాలో తెలియాలి. మొదటి అంకె చూసి ఏం లాభం? మన రాష్ట్రంలోవన్నీ 5తోనే మొదలవుతాయి. పోనీ మొదటి మూడూ చూద్దామంటే, మన జిల్లా అంతటికీ 533. అలా చూసి వేస్తే ఉత్తరాలన్నీ ఒకే గూట్లో పడతాయి, మిగతా గూళ్ళలో బల్లులు కాపురం పెడతాయి. మారే అంకె ఏదో అది చూడాలి."

పిన్‌కోడు మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలయింది. నాన్నగారు చెప్పిన మాట అప్పటికి అది పుట్టి ఎనిమిదేళ్ళ నాటిది. ఆ మాటలోని పూర్తి బరువు నాకు తెలిసి వచ్చేసరికి మరో ఇరవయ్యేడేళ్ళు పట్టింది. ఆ తెలియడానికి మూల్యం చెల్లించినవాడు నేను కాదు, మరొకడు. ఈ నాలుగు మాటలూ వ్రాయడం అందుకే.

* * *

హాష్ పట్టిక అంటే ఏమిటో తెలియనివారి కోసం కొంత ఉపోద్ఘాతం అవసరం. తెలిసినవారు రెండు పేరాలు దాటి రావచ్చును.

మన దగ్గర లక్ష ఖాతా సంఖ్యలు ఉన్నాయనుకోండి. ఫలానా ఖాతాలో నిలవ ఎంత అని ఎవరైనా అడిగితే, మొదటినుంచీ ఒక్కొక్కటే చూసుకొంటూ పోవడం ఒక పద్ధతి. వరుసలో పేర్చి పెట్టుకొని, నిఘంటువులో మాటకోసం వెదికినట్లు సగానికి విప్పి, ఇటా అటా అని తేల్చుకొంటూ పోవడం రెండవ పద్ధతి. ఇందులో లక్షకు 17 చూపులతో పని తీరుతుంది. మూడవది మా నాన్నగారి పద్ధతి. సంఖ్యను ఒక చిన్న లెక్కకు అప్పగిస్తాము. అది 'ఈ సంఖ్యది ఫలానా గూడు' అని చెబుతుంది. నేరుగా పోయి ఆ గూట్లో చెయ్యి పెట్టడమే. ఆ చిన్న లెక్కకే హాష్ ఫంక్షను అని పేరు. ఐ.బి.ఎమ్. సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ అనే ఆయన 1953 జనవరిలో తమలో తాము తిప్పుకొనే ఒక పత్రంలో ఈ ఊహను వ్రాసిపెట్టాడు. బ్యాంకు కార్డు మీది సంఖ్య సరిగా ఉన్నదో లేదో చివరి అంకెతో సరిచూసే పద్ధతి కూడా ఈయనదే. అంతకు మునుపు ఆయన వస్త్ర పరిశ్రమలో ఉండి, బట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో కొలిచే పరికరం కనిపెట్టినవాడు. నేతపనివాడికి తెలియని అల్లిక లెక్కలుంటాయా?

ఒకే గూటికి ఇద్దరు ముగ్గురు రావడం తప్పదు. 23 మంది ఉన్న గదిలో ఏ ఇద్దరిదో పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి మించుతుందని లెక్కల మాస్టార్లు చెప్పి ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది కదా. అదే న్యాయం ఇక్కడా వర్తిస్తుంది. 65536 గూళ్ళున్నా సరే, యాదృచ్ఛికంగా వేస్తూ పోతే దాదాపు 300 ఉత్తరాలయ్యేసరికే రెండు ఒకే గూట్లో పడి ఉండే అవకాశం సగానికి వస్తుంది. అలా వచ్చినవాటిని ఆ గూట్లోనే ఒకదాని తోకకు ఒకటి గొలుసుగా కడతారు. గొలుసులు పొట్టిగా ఉన్నంతవరకూ ఎవరికీ బాధ లేదు. హాష్ అన్న మాటకు వంటింటి అర్థం తరిగి కలపడం. నన్నడిగితే పులిహోర కలపడం అంటాను. చింతపండు పులుసు ఒక మూల పోసి వదిలేస్తే కుదరదు, ప్రతి మెతుకుకూ అంటాలి. సంఖ్యలోని ఏ ఒక్క అంకె మారినా గూడు మారిపోయే అవకాశం ఉండాలి. మంచి హాష్ ఫంక్షను లక్షణం ఇంతే.

* * *

2003లో నేను హైదరాబాదులో ఒక చిన్న సాఫ్టువేరు సంస్థలో పనిచేస్తూ, ఖాతాల లావాదేవీలను రాత్రిపూట సరిపోల్చే ప్రోగ్రాము ఒకటి వ్రాశాను. లక్ష ఖాతాలు, రాత్రికి 20 లక్షల లావాదేవీలు. వేగం కోసం హాష్ పట్టికను స్వయంగా కట్టుకొన్నాను. 65536 గూళ్ళు. రెండును పదహారు సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య అది. అలాంటి సంఖ్య ఎంచుకొంటే భాగహారం చేయనక్కరలేదు. ఖాతా సంఖ్యలోని చివరి 16 బిట్లు కత్తిరించి తీసుకొంటే అదే గూడు సంఖ్య. ఒక్క పంక్తి ప్రోగ్రాము. ఇక కలపడమూ లేదు, తరగడమూ లేదు. ఖాతా సంఖ్య ఎలాగూ సంఖ్యే కదా, దాన్ని మళ్ళీ సంఖ్యగా మార్చడం దేనికని నా వాదం.

పరీక్షించాను. 1 నుంచి 100000 వరకు వరుస సంఖ్యలిచ్చి చూశాను. ఏ గూట్లోనూ రెండుకు మించలేదు. ఖాళీ గూడు ఒక్కటి లేదు. సంఖ్యలను యాదృచ్ఛికంగా చల్లి ఉంటే అయిదో వంతు గూళ్ళకు పైగా ఖాళీగా మిగిలేవి. నా ఒంటి పంక్తి లెక్క యాదృచ్ఛికతను కూడా ఓడించిందన్నమాట! ఆనాటి నా ఆనందం వర్ణించజాలను. ఆ పంక్తి పైన వ్యాఖ్యగా నా పేరు పొడి అక్షరాల్లో వ్రాసుకొన్నాను కూడా.

వరుస సంఖ్యలు పరీక్ష కాదని, అవి అడగకుండానే గూళ్ళలో కుదురుకొనే బుద్ధిమంతులని నాకు అప్పుడు తోచలేదు. అదృష్టాన్ని ప్రతిభ అనుకోవడం ముప్పై దాటిన వయసులో సులువు.

నాలుగేళ్ళు ఆ ప్రోగ్రాము ప్రతి రాత్రీ పది నిమిషాల్లో పని ముగించింది.

* * *

2007లో ఖాతాదారు సంస్థవారు తమ సంఖ్యల పద్ధతి మార్చారు. పాత వరుస సంఖ్యను ఎడమవైపుకు జరిపి, చివరి 16 బిట్లను ముందు ముందు తెరవబోయే ఉపశాఖల కోసం అట్టే పెట్టుకొన్నారు. ఉపశాఖలు ఇంకా లేవు గనుక ఆ 16 బిట్లూ సున్నాలే. కొత్త సంఖ్యలను చదివే భాగాన్ని సరిచేసే పని మా బృందంలో కొత్తగా చేరిన ఒక కుర్రవాడికి అప్పగించాము. వరంగల్లు వైపువాడు. మితభాషి. పని శుభ్రంగా చేసేవాడు.

కొత్త భాగం అమలుకు వచ్చిన మొదటి రాత్రి ప్రోగ్రాము నాలుగు గంటలు దాటినా తెమలలేదు. రెండవ రాత్రీ అంతే. తెల్లవారి బ్యాంకింగు వేళకు నివేదికలు అందక ఖాతాదారులు మండిపడ్డారు. మా మేనేజరుగారు అత్యవసరంగా సమావేశం పెట్టి, "ఏమి మారింది?" అని అడిగారు.

మారినది ఒక్కటే కదా. ఆ కుర్రవాడు వ్రాసిన భాగం. "పాత ప్రోగ్రాము నాలుగేళ్ళుగా నడుస్తున్నది. దాన్ని అనుమానించనక్కరలేదు. కొత్త భాగాన్నే తిరిగి వ్రాయాలి," అని నేను అందరి ముందూ అన్నాను. ఇంకొక మాట కూడా అన్నాను. "అనుభవం లేనివారికి ఇంత బాధ్యత అప్పగించడం మన పొరపాటు," అని. పెద్దరికంతో కూడిన సానుభూతిలా వినిపించేట్లు అన్నాను.

అతను నా వంక ఒకసారి చూసి తల వంచుకొన్నాడు. ఏదో అనబోయి మానుకొన్నాడని నాకు ఇప్పటికీ అనుమానం లేదు. మూడు వారాలు తన భాగాన్ని మూడుసార్లు తిరిగి వ్రాశాడు. ఆదివారాలు కూడా వచ్చాడు. ప్రతిసారీ ఆ భాగం కొన్ని సెకన్లలో ముగిసేది. ఆ తరువాత నా పట్టిక దగ్గర రాత్రంతా ఆగిపోయేది. ఆ యేడు అతను ఆన్‌సైటుకు వెళ్ళవలసిన జాబితాలో ఉన్నాడు. ఆ జాబితాలోంచి పేరు తీసివేశారు. అతని చెల్లెలి పెళ్ళి కుదిరి ఉన్నదనీ, ఆ ప్రయాణపు డబ్బు మీద ఇంట్లోవారు లెక్కలు వేసుకొన్నారనీ నాకు తరువాత ఇంకొకరు చెప్పగా తెలిసింది.

* * *

మూడవ వారం చివర ఒక రాత్రి ఎవరూ లేని వేళ, విసుగుతో, పట్టికలోని ఒక్కొక్క గూట్లో ఎన్ని ఉన్నాయో అచ్చువేయించాను. తెర మీద సున్నాలు పరుగెత్తాయి. పైకి జరిపి చూస్తే మొదటి వరుసలో, సున్నా సంఖ్య గల గూట్లో, లక్ష.

కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. నాన్నగారి గొంతు వినబడింది: మొదటి మూడంకెలూ చూసి వేస్తే అన్నీ ఒకే గూట్లో పడతాయిరా అబ్బాయ్. ఆయన దగ్గర మారని అంకెలు ముందువైపున ఉండేవి, నా దగ్గర వెనుకవైపున ఉన్నాయి. అంతే తేడా. ప్రతి ఖాతా సంఖ్యా 65536కు గుణిజం. చివరి 16 బిట్లు కత్తిరిస్తే ప్రతిదానికీ సున్నాయే మిగులుతుంది. లక్ష ఖాతాలు ఒకే గొలుసు. ఒక్క లావాదేవీకి సగటున 50 వేల కొక్కేలు దాటాలి. 20 లక్షల లావాదేవీలకు 10,000 కోట్ల కొక్కేలు. నాలుగు గంటల్లో అయిందంటే యంత్రం మంచిదేనన్నమాట.

దీన్ని సరిచేయడంలో కూడా నా గర్వం ఇంకోసారి భంగపడింది. డొనాల్డ్ కనూత్ 1973లో వెలువరించిన గ్రంథంలో గుణకార పద్ధతి ఒకటి ఉన్నదని గుర్తుంది. స్వర్ణనిష్పత్తి తెలుసు కదా, 0.6180339887తో సాగే ఆ సంఖ్య. 32 బిట్ల యంత్రంలో దాని రూపం 2654435769; 64 బిట్లలో 11400714819323198485. వరుస సంఖ్యలను దీనితో గుణించి, పొంగిపోయిన భాగాన్ని వదిలివేస్తే, ఒక్కొక్క కొత్త సంఖ్యా అప్పటిదాకా మిగిలి ఉన్న పెద్ద ఖాళీలలో ఒకదానిలో పోయి పడుతుంది. ఖాతా సంఖ్యను ఆ పెద్ద సంఖ్యతో గుణించి, మునుపటిలాగే చివరి 16 బిట్లు తీసుకొన్నాను. నడిపి చూశాను. మళ్ళీ సున్నా గూట్లో లక్ష!

కాసేపు నా కళ్ళను నేను నమ్మలేదు. ఆ తరువాత నవ్వు వచ్చింది. మూడు సున్నాలతో ముగిసే సంఖ్యను దేనితో గుణించినా చివర మూడు సున్నాలు అలాగే ఉంటాయని నాలుగో తరగతి పిల్లవాడు చెబుతాడు. గుణకారంలో చేతికి వచ్చిన అంకె ఎప్పుడూ ఎడమవైపుకే పోతుంది గాని కుడివైపుకు రాదు. కలిపిన ఫలం పై అంకెల్లో ఉంటుంది, కింది అంకెల్లో కాదు. కనూత్ మహాశయుడు పై బిట్లు తీసుకోమనే చెప్పాడు. నేనే సరిగా చదవలేదు. చివరి 16కు బదులు మొదటి 16 బిట్లు తీసుకోగానే ఉత్తరాలు గూళ్ళలోకి సర్దుకొన్నాయి. ఆ రాత్రి పని పదకొండు నిమిషాల్లో ముగిసింది.

ఇంకొక చిత్రం చెబుతాను. నేను 65536కు బదులు 65537 గూళ్ళు పెట్టుకొని, భాగహారం చేసి శేషం తీసుకొని ఉంటే, ఈ గొడవే వచ్చేది కాదు. 65537 ప్రధానసంఖ్య. 65536ను దానితో భాగిస్తే శేషం మైనస్ ఒకటితో సమానం. కనుక కొత్త ఖాతా సంఖ్యలు పాత వరుస సంఖ్యలే వెనుకనుంచి ముందుకు లెక్కపెట్టినట్లు, ఒక్కొక్క గూట్లో ఒకటో రెండో చొప్పున, ముచ్చటగా కూర్చునేవి. ఒక్క గూడు ఎక్కువ ఉంటే చాలు, ఒక మనిషి మూడు ఆదివారాలు మిగిలేవి.

* * *

మర్నాటి సమావేశంలో నేను అన్న మాట నాకు అక్షరాలా గుర్తున్నది. ఇంగ్లీషులో అన్నాను గాని, తెలుగు చేస్తే ఇదీ: "పట్టికలో ఒక లోపం గుర్తించబడింది. సవరించబడింది."

కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని మా తెలుగు మాస్టారు అంటూ ఉండేవారు. 'రాముడు రావణుని చంపెను' అంటే సరిపోయేదానికి 'రామునిచేత రావణుడు చంపబడెను' అనడం దేనికిరా అని కోప్పడేవారు. దేనికో నాకు ఆనాడు తెలిసింది. ఆ వాక్యంలోంచి 'రామునిచేత' అన్న ముక్కను కూడా తీసివేయవచ్చును. అప్పుడు రావణుడు చంపబడతాడు, చంపినవాడు మాత్రం ఎక్కడా ఉండడు. వ్యాకరణం అంత మంచి చాటు ఇస్తుందని మాస్టారికి తెలుసునో లేదో.

మేనేజరుగారు సంతోషించి, నన్ను అభినందించారు. లోపం ఎవరిదని ఎవరూ అడగలేదు. పాత పంక్తిని చెరిపినప్పుడు దానిపై ఉన్న నా పొడి అక్షరాలను కూడా చెరిపేశాను. ఆ కుర్రవాడు కొన్ని నెలల తరువాత ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు నాకు నమస్కారం పెట్టి, "పోయొస్త సార్," అన్నాడు.

* * *

ఆ తరువాత ఈ విషయం మీద ఎక్కడ ఏమి కనబడినా వదలకుండా చదువుతూ వచ్చాను. ప్రాయశ్చిత్తంలో అదొక రకం కాబోలు. చదివినకొద్దీ తెలిసినదేమిటంటే, నా తప్పు నా ఒక్కడిదే కాదు. పేరుమోసిన భాషలు కూడా పూర్ణసంఖ్యలను దాదాపు ఉన్నవున్నట్లే వాడుకొంటాయి. జావాలో పూర్ణసంఖ్య హాష్ అదే సంఖ్య. గూళ్ళ సంఖ్య రెండు యొక్క ఘాతం. అందుకని 2014లో వచ్చిన జావా 8లో, పై 16 బిట్లను కింది 16 బిట్లతో ఒకసారి ఎక్స్-ఆర్ చేసి కలుపుతారు. అంతేకాక, ఒక గూట్లో గొలుసు మరీ పొడుగైతే దాన్ని చెట్టుగా మార్చివేస్తారు. పైథానులో చిన్న పూర్ణసంఖ్యలకు హాష్ అదే సంఖ్య, ఒక్క మైనస్ 1కి మాత్రం మైనస్ 2. లోపల మైనస్ 1ని పొరపాటుకు గుర్తుగా వాడుకొన్నందువల్ల దానికి ఈ మారుపేరు. సి++లో 2011 నుంచి ప్రమాణమైన అన్‌ఆర్డర్డ్ మ్యాప్ ఉన్నది. గ్నూ వారి లైబ్రరీలో పూర్ణసంఖ్యకు హాష్ అదే సంఖ్య, గూళ్ళు మాత్రం ప్రధానసంఖ్యలో ఉంటాయి.

ప్రధానసంఖ్య ఉంటే ఇక భయం లేదా అంటే, అక్కడే మరో మెలిక. నా విషయంలో సంఖ్యలకు నా మీద కక్ష లేదు, యాదృచ్ఛికంగా అలా వచ్చాయి. ఎదుటివాడు కావాలనే చెడ్డ సంఖ్యలు పంపితే? ఆ గ్నూ లైబ్రరీ పట్టిక పెరిగేటప్పుడు వాడే ప్రధానసంఖ్యల్లో 107897 ఒకటి. కొంచెం పాత కూర్పులలో 126271. గూళ్ళు అన్ని ఉన్నప్పుడు ఆ సంఖ్య గుణిజాలనే వరుసగా పంపితే అన్నీ సున్నా గూట్లోకే. ప్రోగ్రామింగు పోటీల్లో ఎదుటివారి ప్రోగ్రామును ఇలా పడగొట్టడం ఒక విద్యగా సాగుతున్నది. పోటీలు సరే, ఇదే చమత్కారంతో సర్వర్లను కూలదోయవచ్చునని క్రాస్బీ, వాలక్ అనే పరిశోధకులు 2003లోనే, అంటే నేను నా ఒంటి పంక్తి వ్రాసి మురిసిపోయిన సంవత్సరంలోనే, ఒక పత్రంలో చూపించారు.

దీనికి మందు కూడా పాతదే. కార్టర్, వెగ్‌మన్ అనే ఇద్దరు 1970ల చివరలో చెప్పారు: ఏ హాష్ ఫంక్షను వాడాలో ముందుగా నిర్ణయించకండి, ప్రోగ్రాము మొదలయ్యాక చీటీ వేసి తీయండి, ఏ చీటీ వచ్చిందో తెలియనివాడు మీకు చెడ్డ సంఖ్యలు వండి పంపలేడు. నేడు పోటీల్లోని కుర్రకారు సొంతంగా వ్రాసుకొనే హాష్ ఫంక్షను సారాంశం ఇదే. గడియారం చూసి ఒక రహస్య సంఖ్య తీస్తారు. దాన్ని కీకి కలుపుతారు. ఆపైన 2014లో ప్రచురితమైన స్ప్లిట్‌మిక్స్ అనే పద్ధతిలో కలియబెడతారు: పైన చెప్పిన 64 బిట్ల స్వర్ణసంఖ్యను కూడాలి, 30 బిట్లు కుడికి జరిపి తనతో తాను ఎక్స్-ఆర్ చేయాలి, ఒక పెద్ద బేసిసంఖ్యతో గుణించాలి, 27 జరిపి మళ్ళీ అంతే, మరొక బేసిసంఖ్యతో గుణించాలి, చివరగా 31 జరిపి ఎక్స్-ఆర్. గుణకారం సారాన్ని ఎడమకు తోస్తుంది, జరపడం దాన్ని కుడికి తెస్తుంది. పులిహోర రెండు చేతులతో కలపడమే ఇది. నేనా రాత్రి ఒంటి చేత్తో కలిపి కింద వెదికాను. ఇందులో అందమైన సంగతి ఇంకొకటున్నది. ఈ మెట్లన్నీ వెనక్కు తిప్పగలిగినవే. కనుక ఏ రెండు వేర్వేరు సంఖ్యలూ కలిపిన తరువాత ఒకటి కావు. ఎంత చిలికినా ఎవరి ఉనికీ పోదు. గూళ్ళు తక్కువ గనుక చివర్లో సర్దుకోవలసి వస్తుంది, అంతే.

మన సంగీతంలో కూడా ఒక హాష్ ఫంక్షను ఉన్నదని ఈ పిచ్చిలో పడ్డాకనే గమనించాను. 72 మేళకర్తలకూ కటపయాది లెక్క వర్తిస్తుంది. రాగం పేరులో మొదటి రెండక్షరాలకు అంకెలు వేసి తారుమారు చేస్తే మేళం సంఖ్య వస్తుంది. మాయామాళవగౌళలో మ అయిదు, య ఒకటి, తిప్పితే 15. ఖరహరప్రియ 22. 72 పేర్లకు 72 గూళ్ళు, ఎవరికి వారు, తగాదా లేదు. ఇంత పరిపూర్ణత ఎలా కుదిరిందంటే, లెక్కకు సరిపడేట్లు పేర్లనే సవరించారు. శంకరాభరణానికి ముందు 'ధీర' చేర్చి 29కి తెచ్చారు, కల్యాణికి 'మేచ' చేర్చి 65కి తెచ్చారు. మా వృత్తిలో ఆ సౌకర్యం లేదు. కీలు మనవి కావు, ఎవరో ఇస్తారు. వచ్చినవాడి పేరు మార్చకుండా వాడికి చోటు చూపించడం లెక్క బాధ్యత. అది తప్పినప్పుడు తప్పు లెక్కదే గాని వచ్చినవాడిది కాదు.

* * *

నాన్నగారు పోయాక ఆయన రేకుపెట్టె సర్దుతుంటే ఒక కవరులో నాలుగు చీటీలు కనిపించాయి. ఉత్తరాల కట్ట మీద పెట్టే చీటీలు అవి. కట్ట కట్టిన సార్టరు దాని మీద తేదీ ముద్ర కొట్టి తన సంతకం పెట్టాలి. వేరే ఊరి ఉత్తరం కట్టలోకి పోతే, ఆ చీటీ వెతుక్కుంటూ వెనక్కి వచ్చేది. సర్వీసు మొత్తంలో తన వల్ల దారితప్పిన ఉత్తరాల తాలూకు చీటీలను ఆయన దాచుకొన్నారు. ప్రశంసాపత్రాలేవీ ఆ పెట్టెలో లేవు. అవి ఎక్కడ పెట్టారో అమ్మకు కూడా తెలియదు.

ఆ వారంలోనే ఆ కుర్రవాడి ఫోను నంబరు సంపాదించాను. కుర్రవాడేమిటి, నలభై దాటినవాడు, బెంగుళూరులో ఒక పెద్ద బృందానికి నాయకుడు. నా పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. నేను తడబడుతూ, కర్తతో సహా, కర్తరి ప్రయోగంలో చెప్పాను. ఆ పంక్తి నేను వ్రాశాను. నిన్ను అందరి ముందూ తప్పుపట్టాను. తెలిసిన తరువాత కూడా దాచాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అన్నాడు.

"నేనప్పుడే చూసిన సార్. రెండో వారంలనే దొరికింది నాకు. మీరు రాసిన లైను గదా అని ఊకున్న."

నాకు నోట మాట రాలేదు. సమావేశంలో అతను అనబోయి మానుకొన్నది ఏదో అనుకొన్నాను గాని, ఆ తరువాత కారణం తెలిసి కూడా మరో వారం, మరో ఆదివారం, తప్పు లేని తన భాగాన్ని తిరిగి వ్రాస్తూ కూర్చున్నాడని నేను ఊహించలేదు.

"చెప్పి ఉంటే బాగుండేది కదా," అన్నాను. అన్నాక సిగ్గేసింది.

"మీరప్పుడు వినేటట్టు ఉన్నరా సార్?" అని నవ్వాడు. కోపం లేని నవ్వే. "ఒక్కటి మాత్రం అప్పటినుంచి పట్టుకున్న. మా టీములకు ఎవ్వరొచ్చినా మొదటి దినమే చెప్త. నా కోడ్‌ల తప్పు దొరికితే అందరి ముందటనే చెప్పున్రి అని. ఇంకోటి, వన్ టూ త్రీ ఇచ్చి టెస్ట్ చేసిన్రంటే ఒప్పుకోను. సున్నలతోని కొట్టి చూడమంట."

చెల్లెలి పెళ్ళి గురించి అడిగాను. అయిందట. అప్పు చేసి చేశారట. తీరడానికి నాలుగేళ్ళు పట్టిందని చెప్పి, మా పిల్లల చదువుల గురించి అడిగాడు.

ఆ సంస్థ ఇప్పుడు లేదు. మేనేజరుగారు ఎక్కడున్నారో తెలియదు. ఆ సమావేశంలో కూర్చున్న పదిమందిలో ముగ్గురు నలుగురు ఈ వ్రాత చదివే అవకాశం ఉన్నది. వారికోసం చెబుతున్నాను. 2007లో మనం మూడు వారాలు వెదికిన ఆ లోపం 2003లో నేను వ్రాసిన పంక్తిలో ఉన్నది. ఆ అబ్బాయి వ్రాసిన భాగంలో మొదటి రోజునుంచీ ఏ దోషమూ లేదు.

నాన్నగారి నాలుగు చీటీలు నా బల్ల సొరుగులో ఉన్నాయి. వాటితోపాటు అయిదవదిగా ఒక తెల్లకాగితం మీద ఆ పాత పంక్తిని చేత్తో వ్రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేసి ఉంచాను.